నీడ లేని రోజు కవరు

కియోమి నకసోనెకు చుక్క కనిపించింది బుధవారం మధ్యాహ్నం, తిన్న స్పామ్ ముసుబీ, అదే మాంసం ముక్క పెట్టిన అన్నం ముద్ద, జిడ్డు ఇంకా వేళ్ళకు ఉండగానే. దానికోసం తొమ్మిదేళ్ళు వెతికింది. పరాయి నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలకు ఫొటోలు తీస్తామని బయలుదేరిన వాళ్ళకు తొమ్మిదేళ్ళు పెద్ద లెక్కేమీ కాదు. ఒక్కటీ చూడకుండానే రిటైరై ఆర్కిడ్లు పెంచుకుంటున్న వాళ్ళు ఈ దీవిలో మా హీలో ఊళ్ళోనే నలుగురైదుగురు ఉన్నారు. కానీ కియోమికి అంత తీరిక లేదు. ఆమె ఉద్యోగం జూన్ ముప్పైతో ఆఖరు. ఒక్క గ్రహమైనా చూపిస్తే ఆ ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేదంటే పుట్టి పెరిగిన ఊరు వదిలి, ఎవరు పిలిస్తే అక్కడికి సామాను సర్దుకుని పోవాలి.

చుక్క దొరికింది ఒక పసి నక్షత్రం పక్కన. దానికి కాటలాగులో బారెడు నంబరుంది గానీ ఆఫీసులో అందరూ "పిల్ల" అనే అంటారు. కోటి ఏళ్ళు కూడా నిండలేదు మరి. పిల్ల చుట్టూ దుమ్ము పళ్ళెంలా పరుచుకుని ఉంది. ఆ దుమ్ములో గుండ్రంగా ఒక నల్లటి చార. పుట్టుకొస్తున్న గ్రహం ఏదో ఆ దారిలోని దుమ్మంతా మింగుతూ పోతోందని అందరూ అనుకుంటున్నదే, మింగేదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

చూడడం అంత తేలికైన పనా? ముందు నక్షత్రం వెలుగును చిన్న బిళ్ళతో కప్పేస్తారు. అయినా అది ఊరుకోదు, అంచుల్లోంచి చిమ్మి వేల మచ్చలు చేస్తుంది. ఆ మచ్చల్లో గ్రహమేదో తేల్చడానికి ఉన్నది ఒకటే దారి. గంటలు గడిచేకొద్దీ ఆకాశం తిరుగుతుంది, టెలిస్కోపు సొంత మచ్చలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆకాశంతోపాటు తిరిగింది నిజం, తక్కినదంతా చెత్త. నవంబరు పద్దెనిమిదిన తీసిన ఫొటోల్లో చెత్తంతా తీసేయగా నల్లచారలో ఒక చుక్క మిగిలింది. ఉత్తరం నుంచి నూట ఇరవై నాలుగు డిగ్రీల కోణంలో, చారకు సరిగ్గా నడిమధ్యన.

కియోమి కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. కిటికీ బయట ఎప్పటిలాగే వాన.

"ఏంటమ్మాయ్, దెయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావ్?" అంటూ లోపలికొచ్చాడు మెల్విన్ ఫ్రైటాస్. ముప్పై ఏళ్ళుగా కొండమీది టెలిస్కోపును నడుపుతున్నది ఆయనే. అందరికీ అంకుల్ మెల్. చేతిలో మలసాదాల, అంటే చక్కెర అద్దిన బూరెల, అట్టపెట్టె, గడ్డం నిండా చక్కెర.

కియోమి తెర చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"వాల్టర్ పెట్టింది కాదు కదా?"

"అదే నేనూ అనుకుంటున్నా అంకుల్."

"మరి కవరేదీ?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలి. వాల్టర్ బ్రాండ్‌వోల్డ్ ఈ జట్టుకు పెద్ద, కియోమికి గురువు, జనవరిలో గుండె ఆగి పోయాడు. ఏళ్ళ తరబడి ఆకలిగా చూసిన కంటికి లేనిది కూడా కనిపిస్తుందన్నది ఆయన నమ్మకం. అందుకని దొంగ చుక్కలు పెట్టేవాడు. గాలి వణుకును సరిదిద్దడానికి టెలిస్కోపులో ఒక పల్చటి అద్దం ఉంటుంది, సెకనుకు వెయ్యిసార్లు వంగుతుంది. ఆ అద్దం చేతనే ఫొటోలో ఒక అబద్ధపు చుక్క వేయించి, దాన్ని ఆకాశంతోపాటు తిప్పించేవాడు కూడా. ఆ చుక్కను నిజమైనదాని నుంచి ఏ లెక్కా విడదీయలేదు. అద్దం ఏమేం చేసిందన్న రికార్డు నెల తిరక్కుండా చెరిగిపోతుంది. మిగిలేది వాల్టర్ చేత్తో రాసి అంటించిన కవరొక్కటే. ప్రతి నక్షత్రానికీ ఒక కవరుండేది. చుక్క పెట్టి ఉంటే అందులో అది ఉన్న చోటు రాసేవాడు, పెట్టకపోతే తెల్లకాగితం వేసేవాడు. దొరికిందని గంతులేసేవాళ్ళు ముందు తమ అంకెలు రాసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే కవరు చింపాలి. దూరం కలిసి, కోణం పది డిగ్రీల లోపు ఉంటే అది దొంగ చుక్కే. ఆపైన అప్పీలు లేదు. ఆ కవర్ల ముందు పెద్దపెద్ద వాళ్ళు ఏడవడం కియోమి చూసింది. తనూ రెండుసార్లు ఏడ్చింది.

"ఇంట్లో ఉంటుంది, ఆంటీ దగ్గర," అంది కియోమి. "వెళ్ళాలి."

"ఒక మలసాదా తిని వెళ్ళు. ఏడవడానికైనా ఓపిక కావాలిగా."

"మీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా!"

"వస్తే నువ్వు నమ్ముతావేంటి?"

*

వాల్టర్ భార్య థోరా కౌమానా రోడ్డు మీద, ఫెర్నుల మధ్య పాత చెక్క ఇంట్లో ఉంటోంది. ఆయన పోయి రెండు నెలలు కాలేదు. గుమ్మం బయట ఆయన చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. వాన జల్లు లోపలిదాకా కొడుతున్నా ఆ చెప్పులు పొడిగానే ఉండడం చూసి, ఆవిడ రోజూ తుడుస్తోంది కాబోలనుకుని కియోమి తన చెప్పులు కాస్త దూరంగా విడిచింది.

"నువ్వు ఎప్పుడో ఒకప్పుడు వస్తావని ఆయన చెప్పాడే," అంది థోరా బటర్ మోచీ అనే బియ్యప్పిండి కేకును ముక్కలు కోస్తూ. "పిల్ల కవరు కోసమేనా?"

"మీకెలా తెలుసాంటీ?"

"సొరుగులో పైన పెట్టి వెళ్ళాడుగా. తక్కినవన్నీ అడుగునున్నాయి."

కియోమి ముందుగా ఒక కాగితం మీద తన అంకెలు రాసింది. దూరం, నూట ఇరవై నాలుగు డిగ్రీలు, తేదీ, సంతకం. పద్ధతి పద్ధతే. థోరా కూరగాయల కత్తితో కవరు చింపి, కాగితం విప్పి, చదవకుండా చేతికిచ్చింది.

దూరం చివరి అంకెదాకా అదే. కోణం నూట పద్దెనిమిది. తేడా ఆరు డిగ్రీలు.

తొమ్మిదేళ్ళూ ఆ చిన్న కాగితంలో మడిచి పెట్టేసినట్టయింది. ఏడుపు రాలేదు, అదే ఆశ్చర్యం. కోపం మాత్రం వచ్చింది, చచ్చిపోయిన మనిషి మీద. పోతూ పోతూ కూడా పరీక్ష పెట్టాలా?

"ఆయనదేనా?" అంది థోరా.

"ఆయనదే."

"అయ్యో తల్లీ," అని థోరా ఆమె భుజం పట్టుకుంది. "నీకు దొరకాలని ఎంత ఆశపడ్డాడో! మరి ఇదెందుకు చేశాడు?"

కియోమి కవరును సంచిలో వేసుకుంటూ పైన రాసిన తేదీ చూసింది. మే పద్దెనిమిది. ఫొటోలు తీసింది నవంబరులో. ఆరు నెలల ముందే రాసి పెట్టాడన్నమాట. ముందుచూపు ఎక్కువే మనిషికి అనుకుంది, వెటకారంగా.

*

మర్నాడు పొద్దున ఆ సంగతి చెబితే అంకుల్ మెల్ మలసాదా కొరకబోయి ఆగాడు.

"నవంబరు పద్దెనిమిదినా? ఆ రోజు దొంగ చుక్క ఎలా వేస్తాడే?"

"ఎలా ఏంటి, అద్దంతో. ఎప్పుడూ వేసేట్టే."

"ఆ అద్దం అక్టోబరు తొమ్మిదిన పీకేశాం. కొత్తది పెట్టాం. వాల్టర్ రాసుకున్న ప్రోగ్రాము కొత్తదాని మీద ఒక్కసారీ నడవలేదు. నన్ను నానా తిట్లూ తిట్టాడు, మర్చిపోతానా? పద, చూపిస్తా."

కంప్యూటర్లు ఎన్నున్నా ఆయన ప్రతి రాత్రి సంగతీ గీతల పుస్తకంలో పెన్నుతో రాస్తాడు. కుర్రకారు నవ్వుతారు. ఆ పుస్తకంలో నవంబరు పద్దెనిమిదో తేదీ కింద ఉంది: "కొత్త అద్దం బాగుంది. వాల్టర్ చుక్కల ప్రోగ్రాము ఎక్కలేదు. వాల్టర్ అలిగి పడుకున్నాడు."

కియోమి మూడుసార్లు చదివింది.

"అయితే ఆ రాత్రి ఫొటోల్లో ఆయనదంటూ ఏమీ లేదు."

"ఏమీ లేదు. ఉన్నది పిల్లదే. నీదే."

"మరి కవరులో అంకెలు?"

"వేద్దామనుకున్నాడు, వేయలేకపోయాడు. కాకతాళీయం."

"దూరం చివరి అంకెదాకా కలిసింది అంకుల్."

"గ్రహం చారలో కాక ఇంకెక్కడుంటుంది? దూరం ఎవరైనా చెబుతారు. ఇక కోణమంటావా, మూడొందల అరవైలో పది డిగ్రీల లోపు పడింది. లాటరీలు తగలట్లేదా జనానికి? ఆ కవరు సంగతి మన ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని పేపరు రాసుకో."

ఆయన మాట్లాడింది ఆమె మంచికే. లెక్క కూడా అంత అసాధ్యంగా లేదు. అయినా ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పాత కవర్లన్నీ తిరగేసి చూసింది కియోమి. వాల్టర్ పెట్టిన నలభై ఒక్క చుక్కల్లో జట్టువాళ్ళు కొలిచిన కోణానికీ కవరులోని కోణానికీ ఒక్క డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఎప్పుడూ రాలేదు. ఈ ఒక్కదానికే ఆరెందుకు? ఇది దొంగ చుక్క కాదనడానికి అదే రుజువని ఒకసారి అనుకుంటుంది. మరుక్షణం, అసలు ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మొదటికొస్తుంది.

ఇంకోసారి చూస్తే తేలిపోతుంది. నిజం గ్రహమైతే నాలుగు నెలల్లో కాస్తయినా జరిగి ఉండాలి. డైరెక్టరును బతిమాలితే మార్చి పద్దెనిమిదిన ఒక్క గంట ఇచ్చాడు, చీకటి పడగానే, పిల్ల పడమటికి వాలేలోపు.

*

ఆ సాయంత్రం అంకుల్ మెల్ కొండమీద, కియోమి కింద హీలో గదిలో. మధ్యలో కెమెరా తెర, మాటలు వినబడే పెట్టె. వాల్టర్ కుర్చీని ఎవరూ తీసేయలేదు. కియోమి దానికి వీపు పెట్టి కూర్చుంది, ఎదురుగా పెట్టుకునే ధైర్యం లేక.

"గాలి బాగుందమ్మాయ్," అంది పెట్టె. "తీస్తున్నా."

నలభై నిమిషాలు ఫొటోలు వచ్చి పడ్డాయి. ఇంకొక అరగంటకు చెత్త తీసేశాక తెర మీద నల్లచార వచ్చింది. చారలో చుక్క వచ్చింది. మొదటిసారి కంటే స్పష్టంగా ఉంది. నవంబరులో ఉన్న చోట లేదు.

"జరిగింది అంకుల్," అంది కియోమి. "నూట ఇరవై ఎనిమిది. నాలుగు డిగ్రీలు జరిగింది."

కొండమీద అంకుల్ మెల్ ఈల వేశాడు. "అది తిరుగుతోందే! కోటి ఏళ్ళైనా నిండని పిల్లకు పుట్టిన బిడ్డ! మీ అమ్మకు ఫోను చెయ్, నా సంగతి తర్వాత చూద్దువుగాని."

కియోమి నవ్వుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుంటూనే లెక్క వేసింది. నవంబరు పద్దెనిమిది నుంచి మార్చి పద్దెనిమిది దాకా నాలుగు నెలలు, నాలుగు డిగ్రీలు. నెలకొకటి. ముందుకు లెక్క కట్టింది, వచ్చే నవంబరుకు నూట ముప్పై ఆరు. తర్వాత అలవాటుకొద్దీ, మరే ఉద్దేశమూ లేకుండానే, వెనక్కి కట్టింది. అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు, ఒక్కొక్క నెలకూ ఒక్కొక్క డిగ్రీ తగ్గుతోంది. మే నెలకు వచ్చేసరికి వేలు ఆగిపోయింది.

మే పద్దెనిమిది. నూట పద్దెనిమిది.

ఆరు డిగ్రీలు తప్పు కాదు. వాల్టర్ రాసింది నవంబరులో చుక్క ఎక్కడ కనిపించాలో కాదు. ఆ రోజు, కవరు అంటించిన రోజు, గ్రహం ఎక్కడుందో అది.

"అమ్మాయ్? వింటున్నావా?"

"అంకుల్, మే నెలలో పిల్ల ఎక్కడుంటుంది?"

"మేలోనా? సూర్యుడి పక్కన. నడిమధ్యాహ్నం నెత్తి మీద ఉంటుంది, సూర్యుడితో కలిసి. ఏ టెలిస్కోపూ అటు తిరగదు. తిప్పితే కెమెరా మాడి మసైపోతుంది. ఎందుకూ?"

కియోమి చెప్పింది.

"ఆ కుర్చీ వైపు చూడకు," అన్నాడు అంకుల్ మెల్. వేళాకోళానికి అనలేదు. "లైట్లన్నీ వేసుకుని ఇంటికెళ్ళిపో."

ఆమె కుర్చీ వైపు చూడలేదు. లైట్లు వేయడానికి కూడా లేవలేకపోయింది. ఎవరైనా వెనక ఉన్నారన్న భయం కాదది. ఎవరూ లేరని తెలుసు. తను తొమ్మిదేళ్ళూ ఆరు మీటర్ల అద్దంతో, పది లక్షల లెక్కలతో పొందినదాన్ని, ఒక మనిషి ఏ పరికరమూ లేకుండా కాగితం మీద రాసి సొరుగులో పెట్టుకున్నాడు. దానికే ఆమె ఒళ్ళు జలదరిస్తూ ఉంది.

*

"మే పద్దెనిమిదా?" అంది థోరా, మర్నాడు కియోమి ఇంటికొచ్చి అడిగితే. "ఎందుకు గుర్తుండదు? నీడ లేని రోజు కదా."

హీలోలో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలూ స్తంభాలకు నీడ ఉండదు, మనుషులకూ ఉండదు. పిల్లలు సీసాలు నిలబెట్టి ఆడుకుంటారు. వాల్టర్ ఏటా పెరట్లో ఒక చీపురుకర్ర పాతి చుట్టుపక్కల వాళ్ళను పిలిచేవాడు.

"కిందటేడు ఎవర్నీ పిలవలేదు," అంది థోరా. "ఒంట్లో బాగాలేదన్నాడు. పెరట్లో కుర్చీ వేసుకుని తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. టోపీ పెట్టుకోమని అరిచాను. కళ్ళు మూసుకున్నాలే అన్నాడు. పావుగంట అలాగే. మొహమంతా కందిపోయింది. లోపలికొచ్చి కవరడిగాడు."

"ఏమైనా చెప్పారా?"

"'ఇంత వెలుగులో కూడా ఉంది థోరా' అన్నాడు. ఏంటది అంటే నవ్వి ఊరుకున్నాడు. మంచినీళ్ళు తాగించి పడుకోబెట్టాను. ఎండదెబ్బ అనుకున్నానమ్మా."

పెరట్లో వాన చిన్నగా పడుతోంది. వాల్టర్ కుర్చీ వేసుకున్నచోట గడ్డి ఏపుగా పెరిగింది. కియోమికి ఆ మనిషి మీద మొన్నటి కోపం పోయింది. దాని చోట వచ్చినది గౌరవమో భయమో ఆమెకే తెలియదు.

"ఆయన చూశాడనేనా నువ్వనేది?" అంది థోరా.

"నాకు తెలీదాంటీ. అంకె మాత్రం సరిగ్గా ఉంది."

*

పేపరు పంపాల్సిన శుక్రవారం అంకుల్ మెల్ ఆమె బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు, కాపలా కాస్తున్నట్టు.

"నవంబరు, మార్చి. రెండు వరసలు చాలు. గ్రహం నిజం, అది జరగడం నిజం. జూన్ తర్వాత కూడా ఇక్కడే ఉంటావ్, నా రిటైర్మెంటు పార్టీకి పాట పాడతావ్."

"మూడో వరస కూడా ఉంది అంకుల్."

"అది వరస కాదు. పెద్దాయన ఎండలో కునుకు తీసి రాసుకున్న కాగితం."

"కవరుదే ఆఖరి మాట అని ఆయనే నేర్పాడు. పంతొమ్మిదేళ్ళుగా మనం చెప్పిన ప్రతిదాన్నీ జనం నమ్మింది ఆ కవర్లను చూసే. దొంగ చుక్క అని వచ్చినప్పుడల్లా ఒప్పుకున్నాం. ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉందని ఒక కవరు దాచేస్తే, తక్కినవాటికి విలువేం ఉంటుంది?"

"పిచ్చిదంటారే నిన్ను! ఎవడూ ఉద్యోగమివ్వడు. మీ అమ్మ ఈ వయసులో ఒంటరిగా..."

"తెలుసు," అంది కియోమి. "భయంగా ఉంది. అయినా రాస్తాను."

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద వేసుకుని తెర వైపు తిరిగాడు.

పేపరుతోపాటు నింపాల్సిన ఫారంలో ఉన్న పట్టికకు కియోమి కొత్త వరస కలిపింది. మొదటి గడిలో తేదీ, మే పద్దెనిమిది. రెండో దాంట్లో దూరం. మూడో దాంట్లో నూట పద్దెనిమిది డిగ్రీలు. చూసినవారు: వాల్టర్ బ్రాండ్‌వోల్డ్. ఆ పక్క గడి పరికరం పేరుది. ఖాళీగా వదిలేస్తే ఫారం ఒప్పుకోలేదు, ఎర్రగీత గీసి నిలబడింది. కియోమి అందులో "ఏదీ లేదు" అని కొట్టింది. ఎర్రగీత పోయింది.

పంపేముందు ఆ ఫారం తనంతట తానే ఒక తనిఖీ చేస్తుంది. వరసలన్నీ ఒకే వస్తువువి అవునా కాదా అని లెక్కవేసి, పొసగని దాన్ని వెనక్కి కొట్టేస్తుంది. దానికి వాల్టర్ ఎవరో తెలియదు, ఆ రోజు పిల్ల ఎక్కడుందో తెలియదు, భయపడడం అసలే తెలియదు. కొట్టేస్తే బాగుండునని కియోమికి ఒక్క క్షణం గట్టిగా అనిపించింది. కొట్టేస్తే ఇదంతా ఎండదెబ్బే అవుతుంది, రెండు వరసలతో హాయిగా ఇంటికి పోవచ్చు.

అంకుల్ మెల్ ముందుకు వంగాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది.

నవంబరు వరసలో అర డిగ్రీ తప్పుండవచ్చని చూపించింది. మార్చి వరసలో పావు డిగ్రీ. మే వరసకు ఎదురుగా తప్పు సున్నా అని వేసి, మూడింటినీ తీసుకుంది.